నేలవేము సారం ల్యాబ్‌లో మాక్రోఫేజ్‌ల మంట (ఇన్‌ఫ్లమేషన్) తగ్గించింది. మోకాళ్ల నొప్పికి పనికొస్తుందని ఊర్లో చెప్పొచ్చా?

ఎర్రనేల
అందరికీ నమస్కారం. మాది జడ్చర్ల పక్కన పల్లె. పాలమూరులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నా. ప్రాజెక్టుకు నేలవేము తీసుకున్నా. ఆకును నీడలో ఎండబెట్టి, పొడి చేసి, మిథనాల్‌లో సారం తీశాం. దాన్ని ఎలుక మాక్రోఫేజ్ కణాల మీద, అంటే రా 264.7 అనే సెల్ లైన్ మీద, వేసి చూశాం. సారం వేసిన గంటకు, కణాల్లో మంట రేపే ఎల్‌పీఎస్ వేశాం. మర్నాడు పైనున్న ద్రవం తీసి నైట్రైట్‌ను రంగుతో చూపే గ్రీస్ రియేజెంట్ కలిపితే, ప్లేటులో ఒట్టి ఎల్‌పీఎస్ వేసిన గుంటలు ముదురు గులాబీ రంగుకు తిరిగాయి. నేలవేము పడిన గుంటల్లో రంగు బాగా పలచగా ఉంది. 540 నానోమీటర్ల దగ్గర రీడింగ్ కూడా అదే చెప్పింది. కణాలు బతికున్నాయో లేదో చూసే ఎంటీటీ టెస్ట్ ఇంకా చేయాల్సి ఉంది.

ఇంట్లో ఈ సంగతి చెప్పగానే మా పెదనాన్న "మరింకేం, మీ పెద్దమ్మకు గోలీలు ఆపేసి రోజూ నేలవేము కషాయం పోద్దాం" అన్నాడు. పక్కింటివాళ్లు కూడా ఆకు అడుగుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. కణాల లోపల అసలు ఏం జరిగిందో సరిగ్గా అర్థం చేసుకోవాలి, వీళ్లకు ఏం చెప్పాలో కూడా తెలియాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

మూసీ ఒడ్డు
చెల్లెమ్మా, మాది సూర్యాపేట వైపు. కొన్నేళ్లు హైదరాబాద్‌లో ఇమ్యునాలజీ ల్యాబ్‌లో పనిచేశా. మంచి ప్రశ్న అడిగావు. కాస్త వివరంగా రాస్తా.

మాక్రోఫేజ్ అంటే మన కణజాలంలో కాపలా కాసే తెల్లకణం. దీన్ని మొదట గుర్తించిన మెచ్నికాఫ్‌కు 1908లో నోబెల్ వచ్చింది. ఎల్‌పీఎస్ అనేది ఒక రకం బ్యాక్టీరియాల పైపొరలో ఉండే పదార్థం. అది మాక్రోఫేజ్ మీదున్న టీఎల్ఆర్-4 అనే గ్రాహకానికి తగలగానే, లోపలికి శత్రువు వచ్చాడని కణం అనుకుంటుంది. ఈ సంగతి తేల్చిన పనికే బ్యూట్లర్‌కు 2011 నోబెల్‌లో వాటా దక్కింది.

అక్కడి నుంచి కబురు ఒక ప్రోటీన్ నుంచి ఇంకో ప్రోటీన్‌కు అందుతూ, జన్యువులను లేపే ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ దాకా వస్తుంది. దీన్ని 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ కనిపెట్టారు. మామూలప్పుడు ఇది కణద్రవంలో పలుపుతో కట్టేసిన కోడెలాగా ఉంటుంది. ఆ పలుపు పేరు ఐ-కప్పా-బి. ఐకేకే అనే ఎంజైమ్ వచ్చి ఐ-కప్పా-బికి ఫాస్ఫేట్ గుర్తు వేస్తుంది. గుర్తు పడిన ప్రోటీన్‌ను కణం అరగంటలోపే ముక్కలు చేసేస్తుంది. అప్పుడు ఎన్ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి పోయి మంట కబుర్లు మోసే టీఎన్ఎఫ్, ఐఎల్-6, ఐఎల్-1 బీటా, ఇంకా కాక్స్-2, ఐనాస్ అనే ఎంజైమ్‌ల జన్యువులను లేపుతుంది. టీఎన్ఎఫ్ ఒకటి రెండు గంటల్లోనే బయటికి వస్తుంది. ఐనాస్ తయారై, నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై, అది నైట్రైట్‌గా మారి పోగుపడడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. నీ గులాబీ రంగు ఆ నైట్రైట్‌ది.

ఇక నేలవేములోని ముఖ్యమైన చేదు పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్. ఎన్ఎఫ్-కప్పా-బిలో పీ50 అనే భాగం ఉంటుంది. అందులో 62వ స్థానంలో సిస్టీన్ అనే, గంధకం ఉన్న అమైనో ఆమ్లం ఉంది. ఆండ్రోగ్రాఫోలైడ్ వెళ్లి ఆ సిస్టీన్‌లోని గంధకానికి గట్టిగా అతుక్కుంటుంది. దాంతో ఎన్ఎఫ్-కప్పా-బి డీఎన్ఏను పట్టుకోలేదు, జన్యువులు లేవవు. ఇది 2004లో ప్రచురితమైన విషయమే. కాబట్టి నీ గుంటల్లో రంగు తగ్గడానికి గట్టి కారణమే ఉంది.

కల్వకుర్తి పత్తిచేను
నాకు సైన్స్ అంతగా తెలియదు కానీ ఒకటి అడగాలని ఉంది. మా చేన్లో వయ్యారిభామ పీకిన ప్రతిసారీ మోచేతుల దాకా దద్దుర్లు, దురద. మా ఆవిడకైతే మొహం కూడా ఉబ్బుతుంది. ఒక మొక్క మంట తగ్గిస్తే ఇంకో మొక్క మంట పెడుతుంది. కారణం ఏంటి?

మూసీ ఒడ్డు
అన్నా, మీరు అడిగింది ఈ చర్చకు చాలా దగ్గరి విషయం. వయ్యారిభామలో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. దాని దగ్గరి చుట్టం పార్థెనొలైడ్ యూరప్‌లో ఫీవర్‌ఫ్యూ అనే పూలమొక్కలో దొరుకుతుంది. తలనొప్పికి అక్కడివాళ్లు వాడతారు. రెండింటి అణువుల్లోనూ ఒకే రకం లాక్టోన్ కొస ఉంటుంది. అది ప్రోటీన్లలోని గంధకానికి అతుక్కునే రకం.

ల్యాబ్‌లో పార్థెనొలైడ్ ఐకేకే మీది సిస్టీన్‌కు అతుక్కుని ఎన్ఎఫ్-కప్పా-బిని ఆపేస్తుంది. అదే తరహా కొస ఉన్న పార్థెనిన్ మీ చర్మంలోని ప్రోటీన్లకు అతుక్కుంటే, మీ టీ-కణాలు ఆ ప్రోటీన్లను పరాయివిగా చూసి దాడి చేస్తాయి. అతుక్కునే గుణం ఒకటే. ఏ కణంలో, దేనికి, ఎంత అతుక్కుందన్న దాన్ని బట్టి ఫలితం తలకిందులవుతుంది. మొక్క నుంచి వచ్చింది కదా, మెత్తగా పనిచేస్తుందిలే అనుకోవడానికి లేదు. పీకేటప్పుడు చేతులకు పొడవాటి గ్లోవ్స్, మొహానికి గుడ్డ తప్పనిసరి. పూత రాకముందే పీకేయండి, పుప్పొడి గాల్లో లేచి ఒంటి మీద పడినా ఎలర్జీ రావొచ్చు. ఒకసారి ఎలర్జీ మొదలైతే ఏటేటా ముదరొచ్చు, అక్క చేత ఆ పని అసలు చేయించకండి.

డిండి నీళ్లు
నేను దేవరకొండ వైపు ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ ఫిజీషియన్‌ని. ఎర్రనేల గారూ, మీ పెదనాన్నకు చెప్పడానికి నేలవేము కథే పనికొస్తుంది.

ఈ మొక్క సారాన్ని పెద్దపేగు పూతకు, అంటే అల్సరేటివ్ కోలైటిస్‌కు, మనుషుల మీద పరీక్షించారు. 224 మందితో చేసిన ఆ ట్రయల్ 2013లో అచ్చయింది. రోజుకు 1800 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో 60 శాతం మందికి గుణం కనిపించింది. ఉత్త గోలీ, అంటే మందు లేని గోలీ, తీసుకున్నవాళ్లలో 40 శాతం మందికి. తేడా ఉంది, ఆశ పుట్టింది. తర్వాత పెద్ద ఎత్తున మూడో దశ మొదలుపెట్టారు. మధ్యలో లెక్కలు చూస్తే ప్రయోజనం తేలేలా లేదని 2014లో ఆపేశారు. కణాల్లో అంత చక్కగా పనిచేసే పదార్థం, మనుషుల దగ్గర రెండో మెట్టు ఎక్కి మూడో మెట్టు దగ్గర ఆగింది. మీ ప్రాజెక్టు ఈ మెట్లలో మొట్టమొదటిది. దాని విలువ దానికుంది, కానీ దాన్ని చూసి పెద్దమ్మ గోలీలు ఆపకూడదు. ఆమెకు ఉన్నది అరుగుదల నొప్పా, కీళ్లవాతమా? కీళ్లవాతమైతే మెథోట్రెక్సేట్ లాంటి మందులు సొంతంగా ఆపితే కీళ్లు వంకర్లు పోతాయి, మళ్లీ తిన్నగా కావు.

ఎర్రనేల
డాక్టరుగారూ, చాలా థాంక్స్. పెద్దమ్మది అరుగుదల అనే చెప్పారు. ఆ 40 శాతం చూసి ఆశ్చర్యపోయా. ఉత్త గోలీకే అంత గుణమా?

డిండి నీళ్లు
నొప్పి, వాపు, విరేచనాలు తమంతట తాము పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. బాగా ఎక్కువైనప్పుడే మనిషి మందు మొదలుపెడతాడు, కాబట్టి ఆ తర్వాత కొంత తగ్గడం సహజం. దానికి మందు మీద నమ్మకం తోడవుతుంది. ఊర్లో "ఫలానా ఆకు తిన్నా, తగ్గింది" అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకు నిజంగానే తగ్గింది. ఆకు వల్ల ఎంత, దానంతట అదే ఎంత అన్నది పక్కన ఉత్త గోలీ గుంపు లేకుండా ఎవరమూ తేల్చలేం.

వనపర్తి వైద్యం
నేను ఆయుర్వేద వైద్యుణ్ణి, బీఏఎంఎస్. చర్చ మర్యాదగా సాగుతోంది, సంతోషం. ఒక విషయం మా వైపు నుంచి చెప్పాలి. మేం పసుపుగానీ నేలవేముగానీ ఒంటరిగా ఇవ్వం. అనుపానం, అంటే మందుకు తోడు ఇచ్చే పదార్థం, ఉంటుంది. పసుపుకు మిరియం, నెయ్యి తోడు చేయడం పాత పద్ధతి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో మనుషులకు 2 గ్రాముల కుర్కుమిన్ (పసుపులోని ముఖ్య పదార్థం)తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ (మిరియంలోని ఘాటు పదార్థం) కలిపి ఇచ్చారు. రక్తానికి అందింది 20 రెట్లు పెరిగింది. మిరియం ఎందుకు కలపమన్నారో ఆ లెక్క చూస్తే తెలుస్తుంది. మొక్కలోంచి ఒక అణువును బయటికి లాగి, అది పనిచేయలేదని మొక్కనే పక్కన పెట్టడం సరికాదని నా అభిప్రాయం.

మూసీ ఒడ్డు
వైద్యులుగారూ, మీ మాటతో చాలావరకు ఏకీభవిస్తా. ఆ బెంగళూరు పని నాకూ ఇష్టమైనది. పేగు గోడ, కాలేయం కుర్కుమిన్‌కు గ్లూకురోనైడ్ అనే తోక తగిలించి బయటికి పంపే దారిని పైపరిన్ అడ్డుకుంటుందన్నది దాని వెనకున్న ఆలోచన. అయితే 20 రెట్లు పెరిగాక ఎంతయింది అన్నది కూడా చూడాలి. ఒట్టి కుర్కుమిన్ ఇచ్చినప్పుడు రక్తంలో దాదాపు కనిపించనంత తక్కువ ఉంది. దానికి 20 రెట్లయినా ల్యాబ్ గుంటలో మేం వేసే మోతాదుకు చాలా దూరం.

లెక్క వేసి చూద్దాం. కణాల మీద కుర్కుమిన్ మామూలుగా 10 మైక్రోమోలార్ల దగ్గర వేస్తారు. అంటే లీటరుకు సుమారు 3.7 మిల్లీగ్రాములు. ఇంట్లో కూరకు అర చెంచా పసుపు వేస్తాం, ఒకటిన్నర గ్రాము అనుకోండి. పసుపులో కుర్కుమిన్ 3 శాతం లెక్కన 45 మిల్లీగ్రాములు. నలుగురు తింటే మనిషికి 11. అది ఏమాత్రం పోకుండా ఐదు లీటర్ల రక్తంలో కలిసిందనుకున్నా లీటరుకు 2 మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ. నిజానికి అందులో చాలా భాగం మలంలో పోతుంది, లోపలికి వెళ్లినదాన్ని కాలేయం మార్చేస్తుంది. తైవాన్‌లో రోజుకు 8 గ్రాముల కుర్కుమిన్ ఇచ్చి చూస్తే, 2001లో వచ్చిన ఆ లెక్కల్లో, రక్తంలో సగటు గరిష్ఠం 2 మైక్రోమోలార్లు కూడా దాటలేదు. కూర పసుపుతో మోకాలి మాక్రోఫేజ్ ఆగుతుందని చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు.

కానీ పేగు సంగతి వేరు. రక్తంలోకి పోని కుర్కుమిన్ అంతా పేగులోనే ఉంటుంది కదా, పేగు పొరలోని కణాలకు అది నేరుగా తగులుతుంది. అందుకే కాబోలు కోలైటిస్‌లో దాని ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. 2006లో జపాన్‌లో 89 మంది మీద చేశారు. మామూలు మందుతో పాటు రోజుకు 2 గ్రాముల కుర్కుమిన్ ఆరు నెలలు తీసుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టింది 5 శాతం లోపే. మామూలు మందు ఒక్కటే తీసుకున్నవాళ్లలో 20 శాతం దాటింది. నేనైతే ఏ మొక్క గురించి విన్నా, అది ఆ కణం దగ్గరికి చేరుతుందా, చేరితే ఎంత అన్నది ముందు చూస్తా.

పసుపుకొమ్ము
మరి మా పిల్లలకు జలుబు చేసినప్పుడు పసుపు పాలు ఇస్తాను, మానేయాలా? మాది నల్లగొండ టౌన్.

డిండి నీళ్లు
అక్కర్లేదమ్మా. ఆహారంగా పసుపు వల్ల భయం లేదు, వేడి పాలు గొంతుకు హాయిగానూ ఉంటాయి. కొనేటప్పుడు మాత్రం కొమ్ములు కొని మర పట్టించుకోండి. మెరిసే రంగు కోసం లూజు పొడిలో లెడ్ క్రోమేట్ కలిపే మోసం ఉంది. సీసం పిల్లల మెదడుకు చేటు. అసలు జాగ్రత్త గోలీల రూపంలో, పైపరిన్ కలిపి అమ్మే గాఢమైన పసుపు సారాలతో. 2022లో అమెరికా వైద్యులు పసుపు సప్లిమెంట్లతో కాలేయం దెబ్బతిన్న పదిమంది వివరాలు ప్రచురించారు. హెచ్ఎల్ఏ-బి 35:01 అనే జన్యు రకం ఉన్నవాళ్లలో అది ఎక్కువగా కనిపించింది. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు అడగకుండా అలాంటివి మొదలుపెట్టొద్దు. పైపరిన్ పసుపును మాత్రమే కాపాడదు, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ లాంటి మందుల మోతాదునూ రక్తంలో పెంచుతుంది.

వనపర్తి వైద్యం
డాక్టరుగారి మాట నిజమే. గాఢ సారానికీ, చూర్ణానికీ తేడా ఉందని మేమూ రోగులకు చెబుతాం. కోవిడ్ రోజుల్లో తిప్పతీగను ఇంటింటా నెలల తరబడి తాగారు. కొందరికి కామెర్లు వచ్చాయని కాలేయ వైద్యులు రాశారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వేరే జాతి తీగ కలిసిందంది. ఏదైనా సరే, ఎవరూ చూడకుండా నెలల పాటు తాగే మందు మా శాస్త్రంలోనూ లేదు.

అమ్రాబాద్ బాట
అడవి నుంచి ఒక మాట. నేను నల్లమలలో చెంచు పెంటల మధ్య తిరుగుతుంటా, అటవీ ఉత్పత్తుల పని. కీళ్ల నొప్పుల మాట వచ్చింది కాబట్టి అందుగు చెట్టు గురించి రాయాలనిపించింది. ఎండు రాతి గుట్టల మీద ఉంటుంది. బెరడు పలచటి కాగితం పొరల్లాగా లేస్తుంది. గాటు పెడితే లేత పసుపు బంక మెల్లగా కారి గడ్డకడుతుంది, నిప్పు మీద వేస్తే సాంబ్రాణి వాసన. ఆయుర్వేదంలో సల్లకి అంటారు. దాని మీద ల్యాబ్‌లలో ఏం తేలింది? ఇటీవల బయటి వ్యాపారులు ఎక్కువ అడుగుతున్నారు, లోతు గాట్లు పెడుతున్నారు, చెట్టు ఎండిపోతోంది. ఇంత చేస్తే జనానికి నిజంగా ఉపయోగం ఉందో లేదో తెలియాలి.

మూసీ ఒడ్డు
అన్నా, అందుగు బంక పనిచేసే దారి వేరు. అందులోని బోస్వెలిక్ ఆమ్లాలు, ముఖ్యంగా ఏకేబీఏ అనేది, 5-లైపాక్సిజనేజ్ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. తెల్లకణాలు ఆ ఎంజైమ్‌తోనే ల్యూకోట్రైన్లు చేసి మరిన్ని తెల్లకణాలను పిలుస్తాయి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ పోయే దారి కాక్స్, ప్రోస్టాగ్లాండిన్లది. అది విప్పిచెప్పిన జాన్ వేన్‌కు 1982లో నోబెల్ వచ్చింది. బోస్వెలిక్ ఆమ్లాలు కూడా రక్తంలోకి తేలిగ్గా ఎక్కవు, కొవ్వున్న భోజనంతో తీసుకుంటే ఎక్కువ ఎక్కుతాయి.

డిండి నీళ్లు
అరిగిన మోకాళ్లకు అందుగు సారం మీద చిన్న చిన్న ట్రయల్స్ ఉన్నాయి, నొప్పి కొంత తగ్గినట్టు చూపాయి. పసుపు సారానికీ అంతే. థాయ్‌లాండ్‌లో 367 మంది మీద చేసి 2014లో ప్రచురించారు. రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, 1200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్, నాలుగు వారాలకు నొప్పి విషయంలో దాదాపు సమానంగా నిలిచాయి. 2020లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 70 మంది మీద చేసినదాంట్లో నొప్పి కాస్త తగ్గింది, కానీ ఎమ్మారైలో మోకాలి లోపలి వాపు, నీరు తగ్గలేదు. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో కడుపు పుండు వల్ల నొప్పి గోలీలు పడనివాళ్లుంటారు. వాళ్లు అడిగితే నాణ్యత చూసుకుని, కాలేయ పరీక్షలు గమనిస్తూ కొన్ని వారాలు ప్రయత్నించొచ్చని చెబుతా. అంతకు మించి చెప్పను.

మునుగోడు మనవడు
ఇక్కడ నా బాధ చెప్పుకోవచ్చా? మా నానమ్మకు ఎప్పటి నుంచో మోకాళ్లు, నడుం, మెడ నొప్పులు. మెడ తిప్పలేదు, కూర్చుంటే లేవలేదు. మా దగ్గర బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు తెలిసిందే. పోయిన దసరా తర్వాత అంగట్లో ఒకాయన బండి మీద పెట్టుకుని అమ్మే ఆకుల పొడి తెచ్చాం. అన్నీ అడవి మూలికలే అన్నాడు. నాలుగు రోజులు తిరక్కుండానే నానమ్మ లేచి వాకిలి ఊడ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. అప్పటి నుంచి ఆపకుండా వాడుతోంది. ఇప్పుడు మొహం గుండ్రంగా ఉబ్బింది, చేతుల మీద చిన్నగా తగిలినా నల్లటి మచ్చలు పడుతున్నాయి. ఇంత బాగా పనిచేసిన మొక్క ఏదై ఉంటుంది?

డిండి నీళ్లు
తమ్ముడూ, ఇది జాగ్రత్తగా చదువు. మీ నానమ్మకు మీరు ఇస్తున్న పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చని నాకు గట్టి అనుమానం. నాలుగు రోజుల్లో అంత మార్పు, గుండ్రటి మొహం, చర్మం పలచబడి మచ్చలు, ఇవన్నీ డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ ఎక్కువ కాలం వాడినవాళ్లలో చూస్తాం. మూలికల పేరుతో అమ్మే పొడుల్లో ఇవి కలపడం కొత్తేమీ కాదు.

పొడిని ఈ రోజే పారేసి ఆపేయొద్దు. ఇది చాలా ముఖ్యం. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందితే కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ చేయడం మానేస్తాయి. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావొచ్చు. రేపు పొద్దున్నే పొడి పొట్లంతో సహా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. షుగర్, బీపీ, ఉదయం 8 గంటల కార్టిసాల్ చూడమని అడగండి.

మూసీ ఒడ్డు
ఎర్రనేలా, నువ్వు అడిగిన దారి ఇక్కడా ఉంది చూడు. స్టెరాయిడ్ కణంలోకి పోయి తన గ్రాహకాన్ని పట్టుకుని, కేంద్రకంలోకి వెళ్లి అదే ఎన్ఎఫ్-కప్పా-బిని అణిచేస్తుంది. నేలవేము మనిషిలో చేస్తుందని మనం ఆశపడే పనిని అది చాలా బలంగా, ఒళ్లంతా చేస్తుంది. అందుకే నొప్పి మాయమైంది. ఎముక గుల్ల కావడం, షుగర్ పెరగడం, ఇన్‌ఫెక్షన్లు పట్టుకోవడం దాని వెంటే వస్తాయి. ఎన్ఎఫ్-కప్పా-బి మన రక్షణ కూడా కదా.

మునుగోడు మనవడు
చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి. రేపే తీసుకెళ్తున్నా. ఒక్క సంగతి. మా నానమ్మది ఫ్లోరైడ్ నొప్పి అయితే, మంట తగ్గించే మొక్కలు దానికి పనిచేస్తాయా?

డిండి నీళ్లు
ఫ్లోరోసిస్‌లో ప్రధానంగా జరిగేది వేరు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటి, ఏళ్ల తరబడి తాగితే అది ఎముకలో చేరుతుంది. ఎముక గట్టిపడుతుంది, పక్కనున్న లిగమెంట్లలోకి సున్నం పేరుకుంటుంది. అందుకే మెడ, నడుం బిగుసుకుపోతాయి. ముంజేతి ఎక్స్‌రే తీయించండి. రెండు ఎముకల మధ్య పొరలో సున్నం గీతలు కనిపిస్తే అది ఫ్లోరోసిస్‌కు బాగా తెలిసిన గుర్తు. పేరుకున్న సున్నాన్ని కరిగించే మొక్కగానీ గోలీగానీ లేదు. నొప్పి తగ్గించడానికి, కీలు కదిలించడానికి మాత్రం సాయం చేయగలం. నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లే తాగడం, వంటకు కూడా అవే వాడడం ఇంట్లో పిల్లలకు రక్ష.

వనపర్తి వైద్యం
ఇక్కడ చింతపండు గుర్తుచేస్తా. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. 2002లో ప్రచురించారు. చారు, పులుసు మనం మానకుండా ఉండటానికి ఇదొక మంచి కారణం. ముదిరిన ఫ్లోరోసిస్‌కు మాత్రం అది వైద్యం కాదు.

ఎర్రనేల
పెదనాన్నతో మాట్లాడా. ట్రయల్ మూడో దశలో ఆగిన సంగతి, మునుగోడు అన్న చెప్పిన సంగతి రెండూ చదివి వినిపించా. గోలీలు ఆపడం లేదు. ఇప్పుడు నా ప్రాజెక్టు గట్టిగా నిలబడాలంటే ఇంకా ఏం చేయాలి?

మూసీ ఒడ్డు
మొదట ఎంటీటీ. కణాలు చచ్చిపోయినా నైట్రైట్ తగ్గుతుంది, గులాబీ రంగు ఆ రెండింటికీ తేడా చెప్పదు. సారాన్ని కరిగించడానికి డీఎంఎస్ఓ వాడితే, అంతే డీఎంఎస్ఓ ఒంటరిగా వేసిన గుంటలు ఉండాలి, చివరికి 0.1 శాతం మించకూడదు. ఆకు సారం సొంత పచ్చరంగు రీడింగ్‌ను మారుస్తుంది, కణాలు లేని గుంటల్లో సారం వేసి ఆ రీడింగ్ తీసేయి. పక్కన డెక్సామెథసోన్ ఒక వరసలో పెట్టు, నీ సారం బలం దానితో పోల్చి తెలుస్తుంది.

సారం నైట్రిక్ ఆక్సైడ్‌ను నేరుగా పీల్చేస్తుందేమో కూడా చూడాలి. సోడియం నైట్రోప్రుసైడ్‌తో కణాలు లేకుండానే నైట్రిక్ ఆక్సైడ్ పుట్టించి సారం కలిపి చూడు. ఇంకో పెద్ద సంగతి: ఎల్‌పీఎస్ వేశాక ఒకటి, రెండు, ఆరు గంటల తర్వాత సారం వేసిన గుంటలు కూడా పెట్టు. మనిషి మందు దగ్గరికి వచ్చేది జబ్బు వచ్చాకే, ముందు రోజు కాదు. ముందే వేసినప్పుడు పనిచేసి తర్వాత వేస్తే చేయకపోతే, అదీ రాయదగిన ఫలితమే. వీలైతే ఎలీసా అనే పరీక్షతో టీఎన్ఎఫ్ ఎంతుందో కొలిచి చూడు. మనిషి మాక్రోఫేజ్‌లు ఎలుక వాటిలాగా నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువ విడుదల చేయవు, అందుకే టీహెచ్‌పీ-1 అనే మనిషి కణాలను పీఎంఏ అనే రసాయనంతో మాక్రోఫేజ్‌లుగా మార్చి అక్కడ టీఎన్ఎఫ్ చూడగలిగితే నీ పని విలువ పెరుగుతుంది.

ఈ పని చిన్నదని మాత్రం అనుకోకు. గౌట్‌కు వాడే కాల్చిసిన్ ఒకప్పుడు మొక్క మందే, మన అడవినాభి దుంపలోనూ, విత్తనాల్లోనూ ఉంటుంది. తెల్లకణం కదలడానికి కావాల్సిన ట్యూబ్యులిన్‌ను అది పట్టేస్తుంది. దుంప తింటే మనిషి చచ్చిపోతాడు. అదే పదార్థాన్ని శుద్ధిచేసి, మోతాదు తేల్చి, అర మిల్లీగ్రాము గోలీగా గుండె జబ్బుకు అమెరికాలో 2023లో అనుమతించారు. విషానికీ మందుకూ మధ్య అంత దూరం నడిచింది ఇలాంటి కొలతలతోనే.

అమ్రాబాద్ బాట
అడవినాభి మాట వచ్చింది కాబట్టి, దాని ఎర్రటి పూలు చూసి పిల్లలు తెంపుతారు, దుంప చూసి ఏదో గడ్డ అనుకుంటారు. ఇంటి దగ్గర పెంచేవాళ్లు జాగ్రత్త.

మునుగోడు మనవడు
అందరికీ చెప్పాలని వచ్చా. నానమ్మను చేర్చుకున్నారు. షుగర్ బాగా ఎక్కువగా ఉంది, ఇదివరకు లేదు. ఉదయం కార్టిసాల్ చాలా తక్కువ వచ్చింది. పొడిని పరీక్షకు పంపిస్తామన్నారు. ముంజేతి ఎక్స్‌రేలో డాక్టరుగారు చెప్పిన గీతలే ఉన్నాయి. ఆ పొడికి బదులు ప్రెడ్నిసొలోన్ గోలీ రాసి, మెల్లమెల్లగా తగ్గిస్తామన్నారు. ఇంటికి పంపేటప్పుడు మేం ఏం చూసుకోవాలి?

డిండి నీళ్లు
సమయానికి తీసుకెళ్లావు, తమ్ముడూ. వాళ్లు రాసిన లెక్క ప్రకారమే గోలీ తగ్గించండి. నొప్పి తిరిగి వస్తుంది, అది ముందే నానమ్మకు చెప్పి ఉంచండి, లేకపోతే మళ్లీ ఆ పొడి అడుగుతుంది. నొప్పికి ఏం వాడాలో ఆసుపత్రి వాళ్లనే అడగండి, షాపులో సొంతంగా కొనొద్దు. ప్రెడ్నిసొలోన్ పరగడుపున కాకుండా పొద్దున టిఫిన్ తిన్నాక వేయండి. షుగర్ మధ్యాహ్నం తర్వాత ఎక్కువగా లేస్తుంది, ఆ పూట కూడా చూడండి. జ్వరం వచ్చినా, ఏదైనా ఆపరేషన్ చేయాల్సి వచ్చినా స్టెరాయిడ్ వాడుతున్న సంగతి ముందే చెప్పాలి, అప్పుడు మోతాదు పెంచాల్సి ఉంటుంది. వాంతులై గోలీ నిలవకపోయినా, కళ్లు తిరిగి పడిపోయేలా ఉన్నా ఇంట్లో ఉంచకుండా అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్లి ఇంజెక్షన్ ఇప్పించాలి. ఒక కాగితం మీద "స్టెరాయిడ్ తగ్గిస్తున్నాం, ఆపకూడదు" అని రాసి ఆమె సంచిలో పెట్టండి. ఆ అంగట్లో ఇంకెవరు అదే పొడి కొన్నారో తెలిస్తే, వాళ్లను కూడా ఒక్కసారిగా ఆపకుండా ఆసుపత్రికి రమ్మనండి.